వడ్ల మీద వాలిన విమానం

ఆ రోజుల్లో, చదువుకున్నవాడికి భయం తక్కువని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే సంగతి తలకిందులని తెలుస్తోంది. చదవనివాడు కంటికి కనబడిన దానికి భయపడి ఊరుకుంటాడు. చదివినవాడికి అంతటితో తీరదు. ఎక్కడో ఎవరికో జరిగినదానికీ, జరిగే వీలుందని ఎవరో రాసినదానికీ కూడా భయపడాలి. నా చదువు కాలేజీలో చదివింది కాదు. ఇంటర్ తర్వాత కేసముద్రంలో ఒక ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. మార్కెట్ యార్డుకు మక్కలూ పత్తీ వచ్చే కాలంలో తప్ప మధ్యాహ్నాలు బేరాలుండేవి కావు. ఆ మధ్యాహ్నాలన్నీ గ్రంథాలయంలో గడిచాయి. ఫ్యాను కింద కుర్చీ కోసం వచ్చేవాళ్లూ, పేపర్లో ఉద్యోగాల పేజీ కోసం వచ్చేవాళ్లూ పోగా, పుస్తకం కోసం వచ్చేవాణ్ని నేనొక్కణ్నేనని అక్కడి లైబ్రేరియన్ ఒకసారి అన్నాడు. (ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. వినలేదన్నవాళ్లకు మళ్లీ చెప్పాను.) ఏది మంచి పుస్తకమో చెప్పేవాళ్లు లేరు కాబట్టి బీరువాలో ఎడమ నుంచి కుడికి వరుసగా చదువుతూ పోయాను. తేనెటీగల పెంపకం, మూత్రపిండాల వ్యాధులు, చైనా గోడ, పాముకాటు వైద్యం, అన్నీ అదే శ్రద్ధతో చదివాను. మూత్రపిండాల పుస్తకం అయ్యాక కొన్నాళ్లు నాకు నడుము నొప్పి వచ్చింది కూడా.

ఆ వరుసలోనే విమానాల మీద ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. విమానం గాల్లోకి ఎలా లేస్తుందో, రెక్క కిందా పైనా గాలి ఏం చేస్తుందో బొమ్మలు వేసి వివరించారు. ఎలా దిగుతుందన్న అధ్యాయాన్ని మాత్రం చెదలు సొరంగాలు తవ్వి తినేశాయి. దాని తర్వాత వచ్చే 'ప్రమాదాలు' అన్న అధ్యాయాన్ని ఎందుకో అవి ముట్టలేదు. అందువల్ల విమానం లేవడం గురించీ, కూలడం గురించీ నాకు సంపూర్ణ జ్ఞానం ఉండేది. ఈ రెంటికీ మధ్య, క్షేమంగా నేలకు దిగే విమానాలు కూడా ఉంటాయన్నది నాకు వార్తల్లో విన్న విషయమే.

ఆ ఏడు ఎండాకాలంలో యాసంగి వరికోతల వేళకు జనగామ వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు మా ఊరి బయట ఉన్న సాగులేని పడావు భూమిని చూసి ముచ్చటపడ్డారు. కరెంటు తీగల్లేవు, చెట్లు లేవు, సెల్ టవర్ దూరం. బొమ్మ విమానాలు ఎగరేసే పోటీకి ఇంతకంటే మంచి చోటు లేదని వాళ్ల సారు ఒకాయన తేల్చాడు. ఎప్పుడూ నల్ల టోపీతోనే ఉండేవాడు కనుక ఊరంతా ఆయన్ను టోపీ సారు అంది. డోజర్ తెచ్చి ఒక పొడుగాటి పట్టీ చదును చేశారు. రోలర్ తిప్పారు. దుమ్ము లేవకుండా ట్యాంకర్‌తో నీళ్లు చల్లి మళ్లీ తిప్పారు. అంచుల వెంట సున్నంతో గీతలు గీశారు. నేల సిమెంటు చేసినట్టు నున్నగా తేలింది. టోపీ సారు తృప్తిగా చూసుకుని, రేపు పొద్దున పోటీ అని చెప్పి, ఊళ్లో పడుకున్నాడు.

పొద్దున్నే ఆయన వచ్చి చూసేసరికి ఆ పట్టీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బంగారు రంగులో ఉంది.

మా వైపు తెలియనివాళ్లకు ఇది విడ్డూరంగా ఉండొచ్చు. యాసంగి కోతలప్పుడు మా దగ్గర నున్నని నేల అంటూ ఎక్కడుంటే అక్కడ వడ్లు ఆరుతాయి. తారురోడ్డు, బడి వాకిలి, పంచాయతీ ఆఫీసు మెట్ల ముందు జాగా, ఏదైనా సరే. ముందు ఎవరు వచ్చి పోస్తే ఆ రోజుకు అది వాళ్లది. దీనికి ఎవరి అనుమతీ ఎవరూ అడగరు. రాత్రి రోలర్ చప్పుడు ఆగిందో లేదో ఊరు ట్రాక్టర్లు కట్టింది. అందరికంటే ముందు పోసింది మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు.

చిన్నమ్మ తొందరకు కారణం ఉంది. చిన్నాయనకు నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు, పంట భారమంతా ఆమె మీదే పడింది. కొనుగోలు సెంటర్లో గుప్పెడు గింజలు మిషన్లో పోసి తేమ చూస్తారు. ఎక్కువుంటే సంచులు వెనక్కే. అంతకుముందు వారమే ఆమెను అలా వెనక్కి పంపారు. మళ్లీ తూకం వంతు ఆ పోటీ మర్నాడు పొద్దునకు పడింది. ఆ వంతు తప్పితే వరుసలో చివరికి పోవాలి, సాయంత్రమైతే చాలు వాన మొగులు కమ్ముతోంది. ఇంకోసారి తడిస్తే గింజ మొలకెత్తుతుంది, ఏడాది కష్టం పశువుల పాలవుతుంది. ఆ ఒక్క రోజు ఎండ ఆమెకు కావాలి. ఆ ఒక్క రోజు నేల టోపీ సారుకు కావాలి.

సారు చేతులు జోడించి, అమ్మా ఇది విమానాలు దిగే జాగా, మీరు కొంచెం ఎత్తుకుంటే బాగుంటుందని నెమ్మదిగా చెప్పాడు. చిన్నమ్మ కాళ్లతో వడ్లు నెరుపుతూనే ఉంది. (మా దగ్గర ఆరబోసిన వడ్లను తిరగేయడానికి పరికరం అక్కర్లేదు. వట్టి పాదాలు ఈడ్చుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే దున్నినట్టు చాళ్లు పడతాయి, కింది గింజ పైకి వస్తుంది. నడిచేవాళ్ల చూపు పాదాల మీదే ఉంటుంది, తల ఎత్తరు.) అలాగే తల ఎత్తకుండా అంది:

"నేలను గింత నున్నగ జేసి ఇడిసిపెడితే ఎవలు ఆరవోసుకోరు సారూ? మీ విమానాలకు పైన అంత మొగులున్నది. నా వడ్లకు గీ జాగనే ఉన్నది."

సారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అప్పటికే విద్యార్థులు మానుకోట నుంచీ, భూపాలపల్లి నుంచీ, ఇంకా ఎక్కడెక్కణ్నుంచో పెట్టెలు మోసుకుని దిగుతున్నారు. చివరికి మా బావ కల్పించుకున్నాడు. బావ అంటే మా అక్క భర్త, టేకుమట్ల మనిషి, అత్తగారి ఊరికి వస్తే ఏదో ఒక పంచాయితీ తీర్చనిదే అన్నం సహించదు. పట్టీని సగానికి పంచాడు. పొద్దు పొడిచే వైపు సగం విమానాలకు, పొద్దు కుంకే వైపు సగం వడ్లకు. మిగతావాళ్లు గొణుక్కుంటూ కొంచెం కొంచెం జరిగారు. సరిగ్గా సగం గీతను ఆనుకుని ఉన్నవి చిన్నమ్మ వడ్లు, అవి జరగలేదు.

"బామ్మర్దీ, నువ్వు గవన్నీ సదివినవ్ గదా. సగం జాగ సాలుతదా వాటికి?" అని బావ అందరి ముందూ నన్ను అడిగాడు.

అంతమంది నా వైపు చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. ఎదురుగాలికి లేపితే సగం కూడా అక్కర్లేదన్నాను. రెక్క మీద గాలి గురించి రెండు ముక్కలు కలిపాను. టోపీ సారు నా వైపు గౌరవంగా చూసి, చిన్నవే కదా, సరిపోతుందని ఒప్పుకున్నాడు. అంతా సర్దుకుంటున్నారనగా చిన్నమ్మ ఒక్కతే అడిగింది, ఎగిరేది సరే, దిగేటప్పుడో అని. దిగేది ఎగిరినంత పని కాదు చిన్నమ్మా అన్నాను, చెదలు తిన్న పేజీలను మనసులో దాటేసి.

పోటీ మొదలైంది. నేను చూడటానికి మాత్రమే వచ్చినవాణ్ని, కుర్చీ కూడా దొరికింది, సుఖంగా కూర్చోవాల్సింది. కానీ మొదటి విమానం మోటారు తిరగగానే కుర్చీలోంచి సగం లేచాను. అది మూరెడు కూడా లేని అట్టముక్క లాంటి వస్తువు. అయినా దాని చప్పుడు చెవి పక్కన జోరీగ దూరినట్టుంది. నాకు పుస్తకంలోని ప్రమాదాల బొమ్మలన్నీ వరుసగా గుర్తొచ్చాయి, ఈ చిన్న విమానాలకు తగ్గట్టు వాటిని నేనే మార్చుకున్నాను. ముందుండే పంకా రెక్క తగిలితే వేలు తెగుతుంది. బ్యాటరీ పగిలితే మంట లేస్తుంది. చేతిలోని రిమోట్‌కూ దానికీ సంబంధం తెగిందంటే ఇక అది ఎవరి మాటా వినదు. ఈ మూడోదే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఎవరి మాటా వినని వస్తువు అంతమంది నెత్తుల మీద తిరుగుతోంటే, కింద జనం మక్కకంకులు తింటున్నారు.

నేను నెమ్మదిగా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. తర్వాత కుర్చీ వదిలేసి ట్రాక్టర్ ట్రాలీ చాటుకు చేరాను. పక్కనున్న ముసలాయనకు, కేవలం ఆయన మేలు కోరి, వేలు తెగే సంగతి గుసగుసగా చెప్పాను. ఆయన తన పక్కాయనకు చెప్పాడు. ఆ మాట వరుస చివరికి చేరేసరికి వేలు పోయి మెడ వచ్చింది. కాసేపటికి ఆ వరుసలో సగం మంది గోనె సంచి ఒక మూలను ఇంకో మూలలోకి నెట్టి, వానలో హమాలీలు వేసుకునే కొప్పెరలా నెత్తి మీద వేసుకున్నారు. బావ ఒక సంచి తెచ్చి నా నెత్తిన కూడా తొడిగాడు.

"అంత సదువు దాంట్లనే పెట్టుకున్నవ్, జర పదిలంగ దాసుకో బామ్మర్దీ" అన్నాడు.

నవ్వబోయి సంచిని చెవుల మీదికి లాక్కున్నాను. ఎందుకంటే అప్పుడే మొదటి విమానం దిగడానికి వచ్చింది. అది సగం గీత దగ్గర ఆగలేదు. నా లెక్క ప్రకారం ఆగి ఉండాలి. నేల మీద టపటపా ఎగురుతూ వచ్చి గీత దాటి, చిన్నమ్మ వడ్లలోకి ముక్కు గుచ్చి నిలబడింది. ఆమె అప్పుడు అవతలి చివర ఉంది, చూడనే లేదు. విమానం మాత్రం చెక్కు చెదరలేదు. తర్వాతది పక్కకు మళ్లి గట్టినేల మీద దిగి చక్రం విరగ్గొట్టుకుంది. ఇక పిల్లలకు కిటుకు తెలిసిపోయింది. వడ్లు పరుపులాంటివి. ఒకరి తర్వాత ఒకరు కావాలనే వడ్ల వైపు దించడం మొదలుపెట్టారు. దిగిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు, నేను కళ్లు మూసుకున్నాను. ఆ వడ్ల మధ్యలో చిన్నమ్మ కొంగు నెత్తిన వేసుకుని, తల వంచుకుని, పాదాలు ఈడ్చుకుంటూ అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ నడుస్తూనే ఉంది. ఆమెకు కావలసింది కింది గింజ పైకి రావడం ఒక్కటే. చిన్నమ్మా, కాసేపు పక్కకు రా అని నేను ట్రాలీ చాటు నుంచే బతిమాలాను. ఎండ పోతే నువ్వు తెచ్చిస్తవా అంది.

ఎండ నిజంగానే పోసాగింది. మధ్యాహ్నం దాటాక పడమట మొగులు లేచింది, గాలి తిరిగింది. అప్పటికి గాల్లో ఉన్నది భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి విమానం. అక్కడున్నవాటిలో అదే పెద్దది, పెట్రోలు ఇంజను, పసుపు రెక్కలు. నేను విమానాన్ని చూడటం ఎప్పుడో మానేసి ఎగరేసేవాళ్ల ముఖాలు చూస్తున్నాను (ప్రమాదం ముందుగా తెలిసేది అక్కడే). ఆ అమ్మాయి ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. చేతిలో రిమోట్ పెట్టెను ఒకసారి ఊపింది. మళ్లీ గట్టిగా ఊపింది. "సార్, మాట వింటలేదు" అంది టోపీ సారుతో, చాలా చిన్న గొంతుతో.

ఆ మాట అక్కడ ఇంకెవరికి ఎంత అర్థమైందో తెలియదు, నాకు మాత్రం ప్రమాదాల అధ్యాయం మొత్తం అర్థమైంది. పసుపు విమానం ఒక చుట్టు చుట్టి, గాలికి ఒరిగి, తిన్నగా వడ్ల మీదికి తిరిగింది. చిన్నమ్మ దానికి వీపు పెట్టి తన చాలులో తాను నడుస్తోంది. ఎలా బయటికొచ్చానో తెలియదు, ట్రాలీ చాటు నుంచి గోనె కొప్పెరతో సహా పరుగెత్తాను. నా జీవితంలో నేను అంత వేగంగా పరుగెత్తలేదు, అంత భయపడనూ లేదు. చెవుల్లో ఇంజను చప్పుడు ఒక్కటే ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే వడ్లలో ఉంటాను.

ఆ అడుగు దగ్గర ఆగాను. కాళ్లకు చెప్పులున్నాయి.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెప్పులతో గింజ తొక్కినవాళ్లను నేను చూడలేదు. మా ఇళ్లలో అది చెప్పి నేర్పేది కూడా కాదు, కాళ్లే నేర్చుకుంటాయి. నా తల చిన్నమ్మను కాపాడమంటోంది, నా కాళ్లు ముందు చెప్పులు విడవమంటున్నాయి. పోనీ విదిలిస్తే ఊడే చెప్పులా, కాదు. దుకాణంలో నలుగురిలో బాగుంటుందని కొన్న కొక్కెం సాండిల్స్. ఒకటి ఊడింది. రెండోదాని కొక్కెం చిక్కుకుంది. ఒంటికాలి మీద నిలబడి, వంగి, వేళ్లతో దాన్ని లాగుతున్నాను. ఇంతలో వీపు మీదుగా వేడిగాలి కొట్టింది. గోనె సంచి ఎగిరిపోయింది. నేను నిటారుగా నిలబడి ఉంటే ఎక్కడ తల ఉండేదో సరిగ్గా అక్కడి నుంచి పసుపు విమానం వెళ్లిపోయి, చిన్నమ్మకు నాలుగడుగుల పక్కన వడ్లను చీల్చుకుంటూ పడి, ఇంజను ఆగక గింజలను వానలా చిమ్ముతూ గిలగిలా కొట్టుకోసాగింది.

అప్పుడు చిన్నమ్మ తల ఎత్తింది. భయపడలేదు, కేక వేయలేదు. పారిపోతున్న కోడిపెట్టను మూసినట్టు, వడ్లెత్తే పెద్ద గంప తీసి దాని మీద బోర్లించి, పైన చేత్తో అదిమిపట్టింది. గంప లోపల అది కాసేపు అల్లల్లాడి, రెండు పుల్లలు విరగ్గొట్టి, గొణిగి, ఊరుకుంది.

ఆ అమ్మాయి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. గట్టు మీదే తన బూట్లు విప్పేసి వచ్చిందని తర్వాత గమనించాను, అది కూడా మావైపు పిల్లే కదా. "ఏడ్వకు బిడ్డా, నీ పిట్ట బాగనే ఉన్నది" అని చిన్నమ్మ గంప ఎత్తి చూపించింది. ఆ తర్వాత నన్ను చూసింది. నేను ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాను.

"గట్ల కొంగ లెక్క నిలవడ్డవేందిరా? మొగులైంది, గంప వట్టు."

నిజంగానే చినుకు మొదలైంది. అప్పుడు జరిగినదాన్ని పోటీ అనాలో, ఏమనాలో నాకు తెలియదు. టోపీ సారు మైకులో, విమానాలు తర్వాత చూద్దాం, ముందు వడ్లు ఎత్తండి అన్నాడు. విద్యార్థులు అట్టపెట్టెలతో, నెంబర్లు రాసిన పలకలతో, చివరికి టోపీ సారు తన టోపీతో కూడా గింజలు కుప్పకు తోశారు. బావ ఎవరికి ఏ కుప్పో పంచాయితీ చెప్పబోతే ఎవరూ వినలేదు. వాన గట్టిగా పట్టుకునేసరికి చిన్నమ్మ వడ్ల కుప్ప మీద టార్పాలిన్ పరదా పడింది. తమ విమానాలు తడుస్తున్నాయని పిల్లలు బిక్కమొహాలు వేస్తే, ఆమె పరదా అంచు ఎత్తి పట్టుకుంది. రెక్కలు ముడవలేని ఆ పిట్టలన్నీ కుప్ప చుట్టూ, వడ్లలో సగం కూరుకుని, వాన తగ్గేదాకా పడుకున్నాయి. నేను పరదా ఒక మూల పట్టుకుని కూర్చున్నాను. వాన అన్నాక పిడుగులుంటాయి, ఆ పుస్తకం కూడా చదివాను కనుక భయం తగ్గలేదు.

మర్నాడు కొనుగోలు సెంటర్లో గుప్పెడు గింజలు మిషన్లో పోశారు. చిన్నమ్మ మిషన్ వంక చూడలేదు, పోసినాయన ముఖం చూస్తూ నిలబడింది. ఆయన తల ఊపి, తూకం వేయమన్నాడు. ఆమె అక్కడే సంచి మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, చాలాసేపు లేవలేదు. ముందురోజు నెత్తి మీదికి విమానం వచ్చినా చెదరని మనిషి ఆమె.

ఇప్పుడు మా పొలాల మీద మందు కొట్టే డ్రోన్లు తిరుగుతున్నాయి. చిన్నపిల్లలు వాటి కింద గంతులేస్తారు, నేను గొడుగు లేకుండా అటు పోను. పెళ్లికో పేరంటానికో చుట్టాలు చేరితే చిన్నమ్మ ఈ కథ చెబుతుంది. ఆమె చెప్పే తీరు వేరు. "వీడు వడ్ల కోసం ఎట్ల ఉరికిండనుకున్నరు" అని మొదలుపెడుతుంది. వడ్ల కోసం కాదు, నీ కోసం ఉరికాడని ఎవరైనా అంటే ఒప్పుకోదు. "మనిషి కోసం ఉరికెటోడు నడుమ ఆగి చెప్పులిడుస్తడా? గింజ మీద పావురమున్నది కాబట్టే ఇడిసిండు" అంటుంది (పావురమంటే మా దగ్గర ప్రేమ), ఎంతో గర్వంగా, నా భుజం తడుతూ.

నేను ఆమె పక్కనే కూర్చుని వింటాను. సరిగ్గా ఆ మాట దగ్గర ఆ కుర్రాడు కళ్ల ముందుకు వస్తాడు. గోనె కొప్పెర కింద తల, గాల్లో ఒక కాలు, ఊడి రాని కొక్కెం. పాపం, వాడికి అంత భయంలోనూ వెనక్కి పారిపోవాలని తోచనే లేదు. కాదు చిన్నమ్మా, నీ కోసమే అందామని నోటి దాకా వస్తుంది. అంతలో ఆమె, అవునా కాదా చెప్పురా అన్నట్టు నా వైపు తిరుగుతుంది.

వడ్ల కోసమే చిన్నమ్మా, అంటాను.